ఓడలో విందు, ఒంటిమీద పట్టు

1888 సెప్టెంబరు 4న పద్దెనిమిదేళ్ల మోహన్‌దాస్ గాంధీ బొంబాయి రేవులో ‘క్లైడ్’ అనే ఓడ ఎక్కారు. లండన్‌లో బారిస్టరు చదువు కోసం ఆ ప్రయాణం. ఓడలో భోజనాల గదికి వెళ్లాలంటే ఆయనకు బిడియం. చాకూ ఫోర్కూ పట్టడం రాదు. వడ్డించేవాటిలో మాంసం లేనివేవో అడిగే ధైర్యం చాలలేదు. వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లు కేబిన్‌లోనే కూర్చుని తింటూ నెట్టుకొచ్చారు. ఓడలో ఉన్నన్నాళ్లూ నల్ల సూటే వేసుకున్నారు. స్నేహితులు ఇప్పించిన తెల్ల ఫ్లానెల్ సూటును దిగేరోజు కోసం ప్రత్యేకంగా దాచుకున్నారు. తీరా ఇంగ్లండ్‌లో దిగి చూస్తే తెల్లబట్టల్లో ఉన్నది తనొక్కరే. ఈ సంగతులన్నీ ఆయనే ‘సత్యశోధన’లో రాసుకున్నారు.

తొలిసారి క్రూజ్‌కి వెళ్లబోయే తెలుగు కుటుంబాలు ఇవాళ అడిగే ప్రశ్నలూ ఇవే. ఏ రాత్రి ఏం కట్టుకోవాలి? ఎక్కడ తినాలి? మనం తినగలిగింది దొరుకుతుందా? టికెట్ కొనగానే క్రూజ్ కంపెనీ రెండు మాటలు మన ముందు పెడుతుంది. ఒకటి ఫార్మల్ నైట్: ఫలానా రాత్రి అందరూ ముస్తాబై మెయిన్ డైనింగ్ రూమ్‌కి రావాలి. రెండోది స్పెషాలిటీ డైనింగ్: టికెట్‌లో కలిసివచ్చే భోజనం కాకుండా అదనంగా డబ్బు కట్టి, ముందే బల్ల ఖాయం చేసుకుని, ఇటాలియన్ రెస్టారెంట్లోనో స్టేక్‌హౌస్‌లోనో తినడం. రెండూ ఒకే బ్రోషర్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి కవలలనుకుంటాం. నిజానికి వీటి పుట్టుక వేరువేరు. మొదటిది అందరినీ ఒకే వేళకు, ఒకే గదిలో, ఒకే మర్యాదకు కట్టిపడేసిన ఆచారం. రెండోది ఆ కట్టులోంచి బయటపడాలనుకున్న డబ్బున్నవాళ్ల కోరిక. ఈ తేడా తెలిస్తే ప్రయాణం ప్లాను చేసుకోవడం సులువవుతుంది.

మొదట్లో ఓడలో విందు అనే మాటే లేదు. శామ్యూల్ కునార్డ్ కంపెనీ ‘బ్రిటానియా’ అనే ఆవిరి ఓడను 1840లో లివర్‌పూల్ నుంచి అట్లాంటిక్ దాటించింది. దాని అసలు పని టపా మోయడం. ప్రయాణికులు నూటపదిహేను మంది పట్టేవారు. పాల కోసం డెక్ మీద ఒక ఆవును కట్టేసేవారు. 1842 జనవరిలో ఆ ఓడ ఎక్కిన నవలాకారుడు చార్లెస్ డికెన్స్, ఏజెంటు ఆఫీసులో గోడకు వేలాడిన బొమ్మలోని హాలు చూసి ఎంతో ఊహించుకున్నాడు. లోపలికి వెళ్తే ఇరుకుగా, పొడుగ్గా ఉన్న ఒక గది ఎదురైంది. ఆ ఉసూరుమనడాన్నంతా పుస్తకంలో పెట్టాడు. ఆ కాలపు ఓడల్లో పొడవాటి బల్లల వెంబడి బెంచీలు ఉండేవి. అలల ఊపుకు కంచాలు జారిపోకుండా బల్లల అంచులకు చెక్క చట్రాలు బిగించేవారు. సగం మంది వాంతులతో కేబిన్లు వదిలేవారు కాదు. అలాంటి చోట ముస్తాబుకు తావెక్కడిది?

ఇంజన్లు బలపడి, ఓడలు పెరిగాక పరిస్థితి మారింది. 1871లో వైట్ స్టార్ కంపెనీ ‘ఓషియానిక్’ నౌక ఫస్ట్ క్లాస్ భోజనశాలను వెనక భాగం నుంచి ఊపు తక్కువుండే నడిమధ్యకు తెచ్చింది. ఓడ వెడల్పు ఎంతో ఆ గది వెడల్పూ అంతే. తర్వాతి ముప్పై ఏళ్లలో కరెంటు దీపాలు, మంచు గదులు, నేలకు బిగించిన తిరుగుడు కుర్చీలు వచ్చాయి. భోజనశాల ఓడకు నడిబజారయింది. అప్పటి బ్రిటిష్, అమెరికన్ సంపన్నులు ఇంట్లో ఉన్నా సాయంత్రం బట్టలు మార్చుకోకుండా డిన్నర్‌కు కూర్చునేవారు కాదు. ఓడలోనూ అదే అలవాటు సాగింది. వారం రోజులు ఎటు చూసినా నీళ్లే. పోవడానికి వేరే చోటు లేదు, సినిమా లేదు, రేడియో లేదు. రోజుకు ఒక్క పండగ, అదే డిన్నర్. బ్యూగిల్ ఊదగానే తోక కోటుల్లో మగవాళ్లు, పట్టు గౌనుల్లో ఆడవాళ్లు మెట్లు దిగి వచ్చేవారు. కింది డెక్కుల్లో వలస కూలీలు ఏం తింటున్నారో ఆ మెట్ల మీదివాళ్లకు కనిపించేది కాదు. ఆ బట్టలు అందంతో పాటు గోడగానూ పనిచేశాయి. ఈ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ గోడను దాటవేయకూడదని నా పట్టుదల.

ఆనాటి ఆచారంలో ఒక ఇంగితం ఉంది: మొదటి రాత్రి, చివరి రాత్రి ముస్తాబు అక్కర్లేదు. మొదటి రాత్రికి పెట్టెలు ఇంకా విప్పి ఉండరు, చివరి రాత్రికి మళ్లీ సర్దేసి ఉంటారు. పెద్ద ట్రంకులకు ‘ప్రయాణంలో అక్కర్లేదు’ అని చీటీ అంటించి అడుగు గిడ్డంగిలోకి దించేవారు. సాయంత్రపు బట్టలున్న పెట్టె మాత్రం కేబిన్‌లోకి వచ్చేది. ఇవాళ్టి క్రూజుల్లోనూ ఎక్కిన రాత్రి, దిగే ముందు రాత్రి ఫార్మల్ నైట్ దాదాపు ఉండదు. కారణమూ అదే. మధ్యాహ్నం రేవులో అప్పగించిన సూట్‌కేసు ఒక్కోసారి రాత్రి దాకా కేబిన్ గుమ్మం చేరదు.

ఇక రెండో కథకు హీరో ఆల్బర్ట్ బాలిన్. హాంబర్గ్ అమెరికా లైన్‌ను నడిపించిన యూదు వ్యాపారి. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గిపోయి పెద్ద ఓడలు ఖాళీగా పడి ఉండేవి. 1891 జనవరిలో ఆయన ‘ఆగస్టా విక్టోరియా’ను 241 మందితో మధ్యధరా సముద్రానికి విహారయాత్రగా పంపాడు. భార్యతో సహా తానూ వెళ్లాడు. చేరడం కోసం కాక తిరగడం కోసమే జనం ఓడ ఎక్కుతారని రుజువు చేసిన తొలి యాత్రల్లో అది ఒకటి. అదే బాలిన్ లండన్‌లో సీజర్ రిట్జ్ నడిపిన కార్ల్టన్ హోటల్లో భోంచేసి మనసు పారేసుకున్నాడు. అక్కడ వంట ఆగస్ట్ ఎస్కాఫియేది. చిన్న చిన్న బల్లలు, నచ్చిన వేళకు రావడం, మెనూలో నచ్చినదే తెప్పించుకోవడం. ఓడలోనో, గంట కొడితే అందరూ కూర్చోవాలి, వండింది తినాలి. 1905లో నీటిలోకి దిగిన ‘అమెరికా’ నౌకలో బాలిన్ ఒక రిట్జ్ కార్ల్టన్ రెస్టారెంటు పెట్టించాడు. కార్ల్టన్ హోటల్‌ను తీర్చిదిద్దిన షార్ల్ మెవేకే దాని అలంకరణ అప్పగించాడు. వంటవాళ్లకు తర్ఫీదు ఎస్కాఫియే పద్ధతిలో జరిగింది. టికెట్ డబ్బుకు వేరుగా, తిన్నదానికి బిల్లు. ఇవాళ్టి స్పెషాలిటీ డైనింగ్ పుట్టింది అక్కడే. 21వ శతాబ్దపు మార్కెటింగ్ ఎత్తుగడ అని చాలామంది అనుకునేదానికి వందేళ్లు దాటాయి.

పోటీ కంపెనీలు ఊరుకోలేదు. వైట్ స్టార్ తన ఒలింపిక్, టైటానిక్ నౌకల్లో ఫ్రెంచి వాల్‌నట్ చెక్క తాపడంతో ఆ లా కార్ట్ రెస్టారెంటు, అంటే మెనూలోంచి కోరినది తెప్పించుకునే రెస్టారెంటు, కట్టించింది. దాన్ని కంపెనీ స్వయంగా నడపలేదు. లండన్‌లో రెస్టారెంట్లున్న లుయిజీ గట్టి అనే ఇటాలియన్‌కు కాంట్రాక్టుకిచ్చింది. ప్రయాణమంతా అక్కడే తింటామని ముందే చెప్పినవారికి టికెట్‌లో కొంత తగ్గింపు కూడా ఉండేది. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఫిలడెల్ఫియా సంపన్నులైన వైడెనర్ దంపతులు కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ గౌరవార్థం ఆ రెస్టారెంట్లోనే విందు ఇచ్చారు. 11 గంటల 40 నిమిషాలకు ఓడ మంచుకొండను తాకింది. టైటానిక్ ఆఖరి విందుల మెనూలు ఇవాళ వేలంలో లక్షలు పలుకుతాయి, ఆ వంటకాలను మళ్లీ వండి పుస్తకాలు వేస్తారు. వండి వడ్డించినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కువమందికి తెలియవు. గట్టి దగ్గర అరవైమందికి పైగా పనిచేసేవారు, ఎక్కువగా ఇటాలియన్, ఫ్రెంచి కుర్రాళ్లు. బతికి బయటపడింది ముగ్గురే: ఇద్దరు మహిళా క్యాషియర్లు, ఒక గుమాస్తా. గట్టి కూడా మునిగిపోయాడు. స్పెషాలిటీ డైనింగ్ చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసే పుట ఇది.

రెండు యుద్ధాల మధ్య కాలం ముస్తాబుకు స్వర్ణయుగం. 1935 నాటి ఫ్రెంచి నౌక ‘నార్మండీ’ ఫస్ట్ క్లాస్ భోజనశాల పొడవు 305 అడుగులు. వెర్సయిల్స్ రాజప్రాసాదంలోని అద్దాల మందిరం కన్నా పొడవు. కిటికీలు లేని ఆ హాలు లాలీక్ గాజు దీపస్తంభాల కాంతిలో వెలిగేది. ఏడువందల మంది ఒకేసారి కూర్చునేవారు. అందులోకి మెట్లు దిగి రావడమే ఒక ప్రదర్శన. మరుసటి ఏడాది వచ్చిన కునార్డ్ నౌక ‘క్వీన్ మేరీ’ వెనక డెక్ మీద వెరాండా గ్రిల్ పెట్టింది. గోడల మీద డోరిస్ జింకైసెన్ వేసిన నాటకరంగపు చిత్రాలు, రాత్రి పొద్దుపోయాక డాన్సు, అన్నిటికీ అదనపు రుసుము. ఫస్ట్ క్లాస్ టికెట్ కొన్నవాళ్లే మళ్లీ డబ్బు కట్టి అక్కడ బల్ల కోసం ఎగబడేవారు. కునార్డ్ ఓడల్లో ఖరీదైన విలాసపు గదుల వారికి కేటాయించే క్వీన్స్ గ్రిల్ పేరు ఆ గ్రిల్‌ను గుర్తుచేసేదే.

మన వైపు వచ్చే పీ అండ్ ఓ కంపెనీ ఓడల్లోనూ డిన్నర్‌కు ముస్తాబు నడిచింది. అక్కడ వడ్డించే చేతుల్లో చాలా భాగం గోవా వాళ్లవి. తెల్ల కోటు తొడుక్కుని దొరల బల్లల చుట్టూ తిరిగిన ఆ స్టివార్డులు లేకుండా ఆ విందుల వైభవం లేదు. 1931 ఆగస్టులో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ అదే కంపెనీ ఓడ ‘రాజ్‌పుతానా’లో వెళ్లారు. ఈసారి నల్ల సూటు లేదు, కొల్లాయి ఉంది. డెక్ మీదే ప్రార్థనలు, రాట్నం.

1958 అక్టోబరులో పాన్ అమెరికన్ సంస్థ బోయింగ్ 707ను న్యూయార్క్ నుంచి పారిస్‌కు నడిపింది. వారం పట్టే దూరం కొన్ని గంటలకు తగ్గిపోయింది. ఆ తర్వాతి ఏళ్లలో అట్లాంటిక్ ఓడలు ఒకటొకటిగా ఆగిపోయాయి. వ్యాపారం మయామీకి, కరీబియన్ ఎండలోకి మళ్లింది. క్లాసుల తేడా లేని కొత్త ఓడల్లో మెకానిక్కులు, టీచర్లు, రిటైరైన దంపతులు ఎక్కారు. వాళ్లను రోజూ ముస్తాబు కమ్మంటే కుదరదు. అందుకని ఏడు రాత్రుల్లో రెండింటిని ఎంచి, వాటికి కెప్టెన్ స్వాగత విందు జోడించి, పండగ చేశారు. ప్రయాణికులంతా ఒకేసారి పట్టరు కనుక పెళ్లి భోజనాల్లో మొదటి బంతి, రెండో బంతి అన్నట్టు ఆరింటికి కొందరు, ఎనిమిదింటికి కొందరు. 1977లో అమెరికన్ టీవీలో మొదలైన ‘ద లవ్ బోట్’ సీరియల్ ఆ దృశ్యాన్ని ఇంటింటికీ చేర్చింది. ఒకప్పుడు గోడగా నిలిచిన బట్టలు ఇప్పుడు ఏ ఉద్యోగమున్నా ఒక్క రాత్రి దొరలా, దొరసానిలా ఉండే అవకాశమయ్యాయి. ఫార్మల్ నైట్‌కు ఇదే అత్యంత గౌరవప్రదమైన దశ అని నమ్ముతాను.

బాలిన్ ఆలోచన మళ్లీ తలెత్తింది 1990లో. ‘క్రిస్టల్ హార్మనీ’ తన ప్రధాన భోజనశాలకు తోడు ఒక ఇటాలియన్, ఒక జపనీస్ రెస్టారెంటుతో వచ్చింది. 2000లో ఆసియాకు చెందిన స్టార్ క్రూజెస్ చేతికి వెళ్లిన నార్వీజియన్ కంపెనీ బంతులూ ఫార్మల్ నైట్లూ వద్దని, ఎప్పుడైనా ఎక్కడైనా తినమని ‘ఫ్రీస్టయిల్’ ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన సెలబ్రిటీ కంపెనీ నౌక ‘మిలీనియం’లో ఒక విశేషం ఉండేది. 1935లో ఒలింపిక్‌ను విప్పేసినప్పుడు దాని చెక్క తాపడాలను వేలం వేశారు. అవి ఇంగ్లండ్‌లో ఒక ఇంటి గోడలకు చేరాయి. వాటిలో కొన్నింటిని కొని మిలీనియంలో ‘ది ఒలింపిక్’ అనే అదనపు రుసుము రెస్టారెంటు కట్టారు. టైటానిక్‌లో లుయిజీ గట్టి సిబ్బంది వడ్డించిన గదికి జంట అయిన గది గోడలు మళ్లీ సముద్రం మీదికి వచ్చాయి.

2015లో సెలబ్రిటీ ఫార్మల్ నైట్ పేరు మార్చి నియమాలు సడలించింది. కునార్డ్ మాత్రం తన గాలా రాత్రులను వదల్లేదు. అక్కడ ఆ సాయంత్రం ముస్తాబు కానివారికి ఓడలో కొన్ని చోట్లే మిగులుతాయి. అందుకే టికెట్ కొనేముందే కంపెనీ నియమం చదవాలి.

ప్లాను విషయానికొస్తే, ఫార్మల్ నైట్ సాధారణంగా రేవులో ఆగని రోజున వస్తుంది. పగలంతా ఊరు తిరిగొచ్చి అలసిన సాయంత్రం కన్నా అది నయం. ఆ రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్ మెనూ కూడా పైస్థాయిది. చాలా కంపెనీలు లాబ్‌స్టర్ వంటివి ఆ రాత్రికే దాచుకుంటాయి. అలాంటి రాత్రి డబ్బు కట్టి వేరే చోట తింటే ఉచితంగా వచ్చే మంచి విందు పోతుంది. ముస్తాబు ఇష్టం లేనివారికి మాత్రం ఆ రాత్రి బఫే హాయి. అదనపు రుసుము రెస్టారెంటుకు ఎక్కిన రాత్రి మేలు. జనం ఇంకా దారులు వెతుక్కుంటుంటారు, కొన్ని కంపెనీలు ఆ రోజు ధర తగ్గిస్తాయి, ముస్తాబు పట్టింపూ లేదు. సాయంత్రం ఆలస్యంగా రేవు విడిచే రోజున బల్ల ఖాయం చేసుకుంటే పరుగులు తప్పవు.

బట్టల గురించి మనవాళ్లు పడే బెంగ అనవసరం. కంచిపట్టు, గద్వాల, ఉప్పాడ చీరలు ఫార్మల్ నైట్‌కు ఏ గౌనుకూ తీసిపోవు. మగవారికి బంద్‌గలా, షేర్వానీ నిక్షేపంలా సరిపోతాయి, కేవలం ఆ రాత్రి కోసం టక్సీడో కొనక్కర్లేదు. శాకాహారులు మాత్రం ముందే రాసి చెప్పాలి. స్టేక్‌హౌస్‌లో డబ్బు కట్టి ఉడికించిన కూరగాయలు తినడం కన్నా మెయిన్ డైనింగ్ రూమ్‌లో హెడ్ వెయిటర్‌కు ముందు రాత్రే చెబితే చాలా ఓడల్లో పప్పూ కూరా వండిపెడతారు. వంటశాలల్లో భారతీయులకు కొదవ లేదు.

ఆ భోజనం కోసం దూరదేశాల ఓడలే ఎక్కనక్కర్లేదు. 2022 జూన్‌లో విశాఖ రేవుకు వచ్చిన కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’ ఓడ 1990లో రాయల్ కరీబియన్ కోసం కట్టినదే. మరుసటి ఏడాది విశాఖలో క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. చెన్నై నుంచి విశాఖ, పుదుచ్చేరి చుట్టివచ్చిన ఆ చిన్న యాత్రల్లో శాకాహారం, జైన భోజనం మొదటి నుంచీ మెనూలో ఉన్నాయి.