కానుగ గింజకు ధర కట్టిందెవరు?

మొవ్వ అనగానే చదువుకున్నవాళ్లకు క్షేత్రయ్య గుర్తొస్తాడు. అదే మండలంలోని కూచిపూడి గుర్తొస్తుంది. కాలవ గట్ల మీద గుడిసెలు వేసుకుని బతికిన యానాదులు గుర్తురారు. ఆ గట్లకు నీడనిచ్చే కానుగ చెట్టూ గుర్తురాదు. ఈ వ్యాసం ఆ చెట్టు గింజ గురించి. డీజిల్‌లో కలిపే బయోడీజిల్‌కు ఆ గింజ ముడిసరుకు ఎలా అయింది, ప్రభుత్వాలు ప్రకటించిన కలుపు శాతాలు ఎందుకు కాగితం దాటలేదు అన్నది మన పిల్లలకు చెప్పవలసిన చరిత్రే. ఆ శాతాల లెక్కలో మొట్టమొదట వేయవలసిన అంకె గింజ ఏరే మనిషి కూలి. ఆ ఒక్క అంకెనే వదిలేసి మిగతావన్నీ వేశారు.

ఇంధనం కోసం మనవాళ్ల చేత పని చేయించుకోవడం కొత్త సంగతి కాదు. 1835లో మద్రాసు నగరానికి వంటచెరకు అందించడం కోసం కుంఫిణీ ప్రభుత్వం శ్రీహరికోట దీవిని తన చేతిలోకి తీసుకుంది. అక్కడి అడవిలో ఉన్నవాళ్లు యానాదులు. తేనె, మూలికలు, చిరివేరు తెచ్చి ఇస్తే బదులుగా ధాన్యం కొలిచేవారు. చిరివేరు అంటే గుడ్డకు ఎర్రరంగు పట్టించే వేరు. బందరు అద్దకాల ఎరుపుకు పేరు తెచ్చింది ఆ జాతి వేరే. అద్దకం పేరు దేశాలు దాటింది. వేరు తవ్వినవాడి పేరు ఊరు కూడా దాటలేదు. వంటచెరకైనా, రంగు వేరైనా కొనేవాడే ధర చెప్పాడు, కొనేవాడే కొలిచాడు.

కృష్ణ మీద విజయవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాకు కాలవలు వచ్చాయి. కాలవలకు గట్లు, గట్ల మీద చెట్లు. వాటిలో కానుగకు ఒక గుణం ఉంది: నీళ్ల ఒడ్డునా బతుకుతుంది, దివిసీమ ఉప్పునేలనూ ఓర్చుకుంటుంది. ఆకు కోసి వరిచేలో తొక్కితే ఎరువు. పుల్ల పళ్లు తోముకోవడానికి. నూనె గజ్జికి మందు, ఎడ్ల పుండ్లకు మందు, దీపానికి చమురు. నూనె తీయగా మిగిలిన పిండి మళ్లీ చేలోకే. (గానుగ వేరు, కానుగ వేరు. కొన్ని చోట్ల చెట్టునూ గానుగ అనే అంటారు కాబట్టి తరగతిలో ఈ తేడా ముందే చెప్పడం మంచిది.) గింజ చేదు, మనిషి తినడు. ఈ చేదే తర్వాత దానికి కొత్త విలువ తెచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర కిరసనాయిలు వచ్చి దీపంలో దాని చోటు తీసుకుంది. కానుగ నూనె సబ్బులకూ తోళ్ల పనికీ మిగిలిపోయింది.

సరిగ్గా అప్పుడే యూరపులో నూనె గింజల మీద వేరే ఆలోచన నడుస్తోంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఫ్రెంచి ప్రభుత్వం దృష్టి ఆఫ్రికాలోని తన వలసల మీద ఉంది. అక్కడ పండే వేరుశనగతో అక్కడే ఇంజన్లు తిప్పవచ్చని దాని ఆశ. 1937లో బ్రసెల్స్‌కు చెందిన చవాన్ అనే శాస్త్రవేత్త తాటిజాతి పామ్ నూనెను సారాయితో కలిపి పలచబరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ నూనెతో బ్రసెల్స్ నుంచి లూవెన్ దాకా బస్సు నడిచింది. ఆ పామ్ నూనె వచ్చింది కాంగో నుంచి. అప్పటికి కాంగో బెల్జియం వలస, గెలలు కోసినవాళ్లు అక్కడి ఆదివాసులు. శ్రీహరికోట కథ తెలిసినవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు.

నూనెను పలచబరచడం ఎందుకు? నూనె చిక్కన. డీజిల్ కంటే సుమారు పది రెట్లు చిక్కగా ఉంటుంది. అలాగే పోస్తే ఇంజన్ ముందు తిరుగుతుంది, కొన్నాళ్లకు నాజిల్ దగ్గర మసి కట్టి మొండికేస్తుంది. అందుకని 100 కిలోల నూనెకు పది కిలోల పైచిలుకు మిథనాలు, కొద్దిగా సోడా వంటి క్షారం కలిపి వేడిచేస్తారు. గ్లిజరిన్ బరువుగా అడుగుకు దిగుతుంది. పైన తేలిన పలచటి ద్రవమే బయోడీజిల్. పదో తరగతి రసాయన శాస్త్రంలో ఎస్టర్లూ, సబ్బు తయారీ చెప్పే టీచర్లకు ఇది చక్కటి ఉదాహరణ. ఎందుకో కింద చెబుతాం.

మన దేశంలో పెద్ద అడుగు 2003 ఏప్రిల్‌లో పడింది. ప్రణాళికా సంఘం జాతీయ బయోడీజిల్ మిషన్‌ను ప్రతిపాదించింది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం కలపాలి, దానికి కోటి హెక్టార్లకు పైగా అడవి ఆముదం వేయాలి అన్నది లెక్క. అడవి ఆముదాన్నే జత్రోఫా అన్నారు. నీళ్లు అక్కర్లేదు, బీడులో పండుతుంది అన్నారు. బీడులో మొక్క బతికింది, కాయ కాయలేదు. పైగా కాగితం మీద బీడు అని రాసిన నేల చాలాచోట్ల మనవాళ్లు పశువులు మేపుకునేది, పుల్లలు ఏరుకునేది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కానుగ వైపు మొగ్గింది అందుకే. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ప్రొఫెసర్ ఉడుపి శ్రీనివాస అంతకుముందే కానుగ నూనెతో జనరేటర్లు నడిపి చూపించారు. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఉట్నూరు ఐటీడీఏ, ఇక్రిశాట్ కలిసి గోండు గూడేల్లో పని మొదలుపెట్టాయి. జైనూరు మండలం పవర్‌గూడ మహిళలు కానుగ మొక్కలు నాటారు, గింజ కొన్నారు, నూనె మిల్లు నడిపారు. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. పెట్రోలు డీజిల్ బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో ఆదా అయ్యే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు అది ధర. వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం వల్ల గాలిలో కలిసిన పొగకు ఇది పరిహారం అన్నమాట. పత్రికలు బాగా రాశాయి, రాయవలసిందే. గోండు ఆడవాళ్లు మిల్లుకు యజమానులు కావడం చిన్న సంగతి కాదు. అయినా భాగించి చూడండి: టన్నుకు నాలుగు డాలర్ల పైన కొంచెం, ఆనాటి లెక్కన 200 రూపాయలు. పదేళ్ల పొదుపుకు మొత్తం గూడెం చేతికి వచ్చింది 30 వేల లోపు.

ఇక అసలు ధర సంగతి. 2005 అక్టోబరులో కేంద్రం బయోడీజిల్ కొనుగోలు విధానం ప్రకటించింది. 2006 జనవరి నుంచి చమురు కంపెనీలు లీటరుకు 25 రూపాయలు ఇస్తాయన్నారు. ఆ ధరను గింజ దాకా వెనక్కి తీసుకెళదాం. పల్లెలో మిల్లు పట్టిస్తే ఒక లీటరు నూనెకు సుమారు నాలుగు కిలోల గింజ పడుతుంది. మిల్లు, మిథనాలు, కరెంటు, లారీ అన్నీ ఉచితం అనుకున్నా కిలో గింజకు ఆరేడు రూపాయలు మించదు. అవన్నీ తీసేస్తే, పిండి అమ్మగా వచ్చింది తిరిగి కలిపినా, ఏరిన మనిషికి మిగిలేది ఎంత? కాయ ఏరాలి, ఒక్కో కాయనూ పగలగొట్టాలి, ఒక్కో కాయలో సాధారణంగా ఒకే గింజ ఉంటుంది. ఎండబెట్టాలి. ఆ ధరకు సబ్బుల వ్యాపారి కూడా గింజ ఇమ్మని అడగడు. అందుకే ఫ్యాక్టరీలకు గింజ రాలేదు. ఆదివాసులకు చైతన్యం లేక రాలేదని కొందరు రాశారు. లెక్క తెలిసినందువల్ల రాలేదని మా అభిప్రాయం.

చాలా ఏళ్ల తర్వాత అటవీ ఫలసాయానికి మద్దతు ధర పథకం వచ్చింది. కానుగ గింజ దాని మొదటి జాబితాలోనే ఉంది. 2020 మేలో కిలో ధరను 19 నుంచి 22 రూపాయలకు పెంచారు. ఆ ధర నిజంగా చేతికందితే లీటరు నూనెలో గింజ ఖర్చే 88 రూపాయలు. ఏరేవాడికి గిట్టే ధర ఫ్యాక్టరీకి గిట్టదు, ఫ్యాక్టరీకి గిట్టే ధర ఏరేవాడికి గిట్టదు. ఇరవై శాతం మాట ఈ సందులో పడిపోయింది. 2009 విధానం గడువును 2017కు జరిపింది. 2018 విధానం 20 శాతం వదిలి, 2030 నాటికి 5 శాతం చాలంది. దేశం మొత్తం మీద కలుపు ఒక్క శాతాన్నీ అందుకోలేదు.

ఐదు శాతమైనా ఎంత? దేశంలో ఏటా సుమారు 9 కోట్ల టన్నుల డీజిల్ కాలుతుంది. అందులో ఐదు శాతం 45 లక్షల టన్నులు. అంతా కానుగతోనే అయితే కోటీ 80 లక్షల టన్నుల గింజ కావాలి. చెట్టుకు సగటున 20 కిలోలు అనుకుంటే 90 కోట్ల చెట్లు. నాటిన చెట్టు కాపుకు రావడానికి ఐదారేళ్లు. ఈ గుణకారం ఏడో తరగతి పిల్లలు చేయగలరు, చేయించండి.

ధర ఒక్కటే కాదు, నాణ్యత కూడా గింజ దగ్గరే మొదలవుతుంది. తడి గింజ పోగు పోస్తే నూనె పులుస్తుంది, అంటే అందులో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. అవి రెండు శాతం దాటితే కలిపిన క్షారం వాటితో సబ్బు కడుతుంది. బయోడీజిల్ తగ్గుతుంది, గ్లిజరిన్ విడిపోదు. అప్పుడు ముందు ఆమ్లంతో ఒకసారి, తర్వాత క్షారంతో మరోసారి చేయాలి. ఖర్చు రెట్టింపు. భారతీయ ప్రమాణం ఐఎస్ 15607 ప్రకారం బయోడీజిల్ కిలోలో నీరు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆమ్ల విలువ 0.5 దాటకూడదు. ఫ్యాక్టరీలో ఈ అంకెలు తేవడానికి ఖర్చయ్యే డబ్బులో కొంత, గూడెంలో ఒక సిమెంటు కళ్లానికీ రేకుల కప్పుకూ పెట్టి ఉంటే గింజే ఎండి వచ్చేది. పథకాల్లో మొక్కలకు డబ్బు రాశారు, ఫ్యాక్టరీకి రాయితీ రాశారు. కళ్లం దాదాపు ఎవరికీ తట్టలేదు.

మన తీరంలో నీటి సంగతి ఇంకా ముఖ్యం. బయోడీజిల్ మామూలు డీజిల్ కంటే గాలిలోని తేమను ఎక్కువగా పట్టుకుంటుంది. గిలకలదిండి రేవులో పడవ ట్యాంకు, చేపల చెరువు గట్టు మీద ఇంజన్ ట్యాంకు నెలల తరబడి సగం ఖాళీగా ఉంటే అడుగున నీరు చేరుతుంది. నీరూ నూనే కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడతాయి, ఫిల్టరు మూసుకుపోతుంది. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కూడా బయోడీజిల్ కరిగించి లాగుతుంది కాబట్టి మొదట్లో ఫిల్టర్లు త్వరగా మార్చాలి. పాత ఇంజన్లలో రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. కలుపు ఏడు శాతం దాకా ఉన్నదాన్ని మన డీజిల్ ప్రమాణం మామూలు డీజిల్‌గానే ఒప్పుకుంటుంది. ఇరవై శాతానికి వేరే ప్రమాణం, వేరే జాగ్రత్త. అందుకే శాతం పెంచడం ఒక జీవోతో అయ్యే పని కాదు.

గింజ రాకపోతే ఫ్యాక్టరీలు ఏం చేశాయి? 2008లో కాకినాడలో ఏటా లక్షన్నర టన్నుల సామర్థ్యంతో యూనివర్సల్ బయోఫ్యూయల్స్ ఫ్యాక్టరీ వచ్చింది. రేవు పక్కనే పామ్ నూనె రిఫైనరీలు, వాటిలో మిగిలే స్టియరిన్ అందుబాటులో ఉంది. ముడిసరుకు అడవి నుంచి కాక ఓడ నుంచి వచ్చింది. ఇండోనేషియా ఇదే పామ్ నూనెతో 2020లో 30 శాతం, 2025లో 40 శాతం కలుపుకు వెళ్లింది. వాళ్లు చేయగలిగారు కదా అని మనవాళ్లు అంటుంటారు. అక్కడ కాలిమంతాన్ అడవుల్లో దయాక్ ఆదివాసుల భూముల మీదికి తోటలు వచ్చిన సంగతి, దాని మీద తగాదాలు నేటికీ సాగుతున్న సంగతి ఆ మాటతో పాటు చెప్పాలి. 2022 ఏప్రిల్ 28న ఆ దేశం పామ్ నూనె ఎగుమతి ఆపేస్తే మూడు వారాలు మన వంటింటి ప్యాకెట్ దాకా ఆ సెగ తగిలింది. సగానికి పైగా వంటనూనె దిగుమతి చేసుకునే దేశం తినే నూనెను ట్యాంకులో పోయలేదు.

ఇప్పుడు చూపు వాడిన వంటనూనె మీద పడింది. 2018 ఆగస్టులో ఆహార భద్రతా సంస్థ రూకో పేరుతో కార్యక్రమం ప్రారంభించింది. మరిగి మరిగి పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదు, బయోడీజిల్‌కు ఇవ్వాలి. బందరు, గుడివాడ సెంటర్లలో పునుగులు, బజ్జీల బండ్ల నూనె అలా వెళ్లగలిగితే ఆరోగ్యానికీ మంచిదే. అక్కడ కూడా డబ్బా మోసేవాళ్లు ఎవరు, లీటరుకు వాళ్లకు ఎంత అన్నదే ప్రశ్న.

కృష్ణా జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. ఏజెన్సీలో జీసీసీకి గింజ అమ్మినట్టు మొవ్వలో యానాది అమ్ముకోలేడు. గట్టూ, గట్టు మీది చెట్టూ ప్రభుత్వానివి. కొట్టిన చెట్టు కలప వేలానికి వస్తుంది, రాలిన కాయ ఎవరిదో తేల్చరు. రేపు ఎవరైనా కాలవ గట్ల మీద కానుగ నాటే పథకంతో వస్తే మనం ముందు అడగవలసింది ఈ రాలిన కాయ గురించే: ఏరే హక్కు ఎవరికి, కిలోకు ఎంత, ఎండబెట్టే కళ్లం ఎక్కడ, తూచే కాటా ఎవరి చేతిలో.

అప్పటిదాకా బడిలో చేయదగిన పని ఒకటుంది. ఎండలు ముదిరే రోజుల్లో గట్టు మీద ఒక్క చెట్టు కింద రాలిన కాయలన్నీ పిల్లల చేత ఏరించండి. ఒలిపించి, ఎండబెట్టి, తూచండి. పట్టికలో చెట్టు చుట్టుకొలత, కాయ బరువు, గింజ బరువు రాయించండి. ఏరడానికి పట్టిన సమయం ఒక గడిలో, ఒలవడానికి పట్టిన సమయం ఇంకో గడిలో రాయించండి.