శాండో బనియన్ నుంచి చెమట బెల్టు దాకా

నర్సంపేటలో ఏ బట్టల దుకాణంలోనైనా శాండో బనియన్ కావాలంటే చేతులు లేని బనియన్ తీసి ఇస్తారు. అది ఒక మనిషి పేరని తెలిసినవారు తక్కువ. యూజీన్ శాండో 1867లో ప్రష్యా దేశంలోని కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించిన మల్లుడు. ఆయన కథ తెలిసినవారు నేటి వ్యాయామ పరికరాల ప్రకటనలకు అంత సులభంగా లొంగిపోరు.

శాండో ఏళ్ళ తరబడి బరువులెత్తి తన దేహాన్ని తీర్చిదిద్దుకున్నాడు. 1893లో షికాగోలో ప్రదర్శనలిచ్చి ఖ్యాతి గడించాడు. 1897లో లండన్‌లో వ్యాయామశాల స్థాపించాడు. 1904-05లో భారతదేశానికి కూడా వచ్చి ప్రదర్శనలిచ్చాడు. ఆయన పేరుతో స్ప్రింగు డంబెల్స్, తపాలా ద్వారా వ్యాయామ పాఠాలు అమ్ముడయ్యాయి. వాటిలో కొంత ప్రయోజనం ఉంది. తరువాత ఆరోగ్యానికీ బలానికీ అంటూ ఆయన పేరుతోనే కోకో పొడి కూడా బజారుకు వచ్చింది. ఆ విశాలమైన ఛాతీ కోకో తాగితే వచ్చింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ కోకో వ్యాపారం దెబ్బతిన్నది గానీ, దాని వెనుక ఉన్న కిటుకు మాత్రం నేటికీ సజీవంగా ఉంది. ఒక మార్గంలో సాధించిన దేహాన్ని చూపించి, దానితో సంబంధం లేని వస్తువును అమ్మడమే ఆ కిటుకు.

అదే యుగంలో మన తెలుగునాట కోడి రామమూర్తి నాయుడు ఉన్నారు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టం ఆయన స్వగ్రామం. విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి, ఆపై సర్కసు నడిపారు. రొమ్ముపై ఏనుగును నిలుపుకొని, ఉక్కు గొలుసులను తెంచి కలియుగ భీముడనిపించుకున్నారు. ఆ బలం నిత్య సాధనతో వచ్చింది, డబ్బాలో పెట్టి అమ్మగలిగినది కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఇటువంటి ప్రకటనలను అదుపు చేయడానికి 1954లో పార్లమెంటు ఔషధాలు, అద్భుత చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం చేసింది. నయం చేస్తామని ప్రచారం చేయరాని వ్యాధుల పట్టికలో మధుమేహంతో పాటు స్థూలకాయం, మనిషి ఎత్తు కూడా ఉన్నాయి. ఔషధమంటే మందు ఒక్కటే కాదని, దేహ నిర్మాణాన్ని మార్చేందుకు ఉద్దేశించిన ఆహారేతర వస్తువులూ ఆ కోవలోకే వస్తాయని ఆ చట్టం నిర్వచించింది. ప్రకటన కూడా భావప్రకటనా స్వేచ్ఛేనని హమ్‌దర్ద్ దవాఖానా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నిషిద్ధ మందుల వ్యాపార ప్రకటనకు ఆ రక్షణ లేదని 1959 డిసెంబరులో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయితే చట్టంలో అస్పష్టంగా ఉన్న కొన్ని మాటలను కొట్టివేసింది.

చట్టం ఉన్నా ప్రకటనలు ఆగలేదు. టీవీలో వస్తువులు అమ్మే కార్యక్రమాలు వచ్చాక నడుముకు కట్టుకునే బెల్టులు ఇంటింటికీ చేరాయి. అమెరికాలో కదలకుండానే కండలు తెప్పిస్తామన్న విద్యుత్ బెల్టుల అమ్మకందారులపై అక్కడి వాణిజ్య సంఘం 2002లో కేసులు వేసింది. నడిస్తే చాలు కాళ్ళు, పిరుదులు బిగుతవుతాయన్న బూట్ల విషయంలో 2011లో రీబాక్ 2.5 కోట్ల డాలర్లు, 2012లో స్కెచర్స్ 4 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

నేను పదవీ విరమణ చేయడానికి కొన్నేళ్ళ ముందు మధుమేహం ఉన్న ఒక గృహిణి నా వద్దకు వచ్చింది. టీవీలో చూసి కొన్న వేడి బెల్టు కట్టుకొని నిద్రపోయిందట. నడుమంతా బొబ్బలు. బెల్టు ఉందన్న ధీమాతో నడక మానింది, మాత్రలు కూడా తగ్గించుకుంది. చక్కెర అదుపు తప్పి ఉండటంతో పుండు మానడానికి వారాలు పట్టింది. "రెండు కిలోలు తగ్గాను కదా సార్" అన్నదామె. తగ్గినది చెమటగా పోయిన నీరు. నీళ్ళు తాగితే తిరిగి వచ్చే బరువది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చాలు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. పది రోజుల్లో పది కిలోల కొవ్వు కరగాలంటే, తినే దానికంటే రోజుకు అంత అదనంగా ఖర్చు కావాలి. ఎర్రటి ఎండలో పొద్దంతా మిరపకాయలు ఏరే కూలీ తల్లి ఒళ్ళు కూడా అంత ఖర్చు చేయదు. ఒక్కచోటి కొవ్వునే కరిగిస్తామన్న మాటకూ ఆధారం లేదు. 1971లో టెన్నిస్ క్రీడాకారులను పరీక్షించగా, నిత్యం బంతి కొట్టే చేతిలోనూ రెండవ చేతిలోనూ చర్మం కింది కొవ్వు ఒకే మందంలో కనిపించింది.

ఇప్పుడు ఫోనులో ప్రోటీన్ పొడుల వంతు వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన ఆహార సూచనల్లో, కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని చెప్పింది. పప్పు, గుడ్డు, పాలు, చేపలు మన అంగడిలోనే ఉన్నాయి.

కనుక కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ప్రకటనలోని దేహం నిజంగా ఈ వస్తువుతోనే తయారైందా? శ్రమ లేకుండా, ఇన్ని రోజుల్లో అని గడువు పెడుతున్నారా? దీన్ని నమ్మి నేను మానేయబోయే మందు గానీ, నడక గానీ ఏమిటి? మోసపోతే మౌనం వహించకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. రశీదు, ప్రకటన చిత్రం భద్రపరచుకోండి.

ఆ గృహిణి పుండు మానాక మళ్ళీ తెల్లవారుజామున నడక మొదలుపెట్టింది. దానికి ఆమె ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయలేదు.