పాలలో పెన్సిలిన్ జాడ: ఎంజైమ్ సెన్సర్‌ను ఎంతవరకు నమ్మవచ్చు?

పొదుగువాపు వచ్చిన పశువుకు పెన్సిలిన్ ఇస్తే ఆ మందు కొంతకాలం పాలలోకీ దిగుతుంది. గడువు తీరకముందే ఆ పాలు సేకరణ కేంద్రానికి చేరితే అందరి పాలలో కలిసిపోతాయి. పెన్సిలిన్ పడనివారికి అది ముప్పు. తోడుకు వేసే బ్యాక్టీరియాను కూడా అది దెబ్బతీయవచ్చు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2018లో దేశమంతటా సేకరించిన 6,432 పాల నమూనాల్లో 77 యాంటీబయాటిక్ పరిమితి దాటాయి. ఇది 1.2 శాతమే అయినా, పసిపిల్లలు రోజూ తాగే పాల విషయంలో తేలిగ్గా తీసుకోదగ్గది కాదు.

ఈ జాడను పట్టడానికి ఎంజైమ్ బయోసెన్సర్లు పనికొస్తాయా? అది ఏ ఎంజైమ్‌ను ఎంచుకున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా వచ్చింది పెన్సిలినేజ్. మందును తట్టుకునే బ్యాక్టీరియా తయారుచేసుకునే ఈ ఎంజైమ్ పెన్సిలిన్‌లోని బీటా-లాక్టమ్ వలయాన్ని తెంచుతుంది. అప్పుడు పుట్టే ఆమ్లం వల్ల పీహెచ్ తగ్గుతుంది, ఎలక్ట్రోడ్ ఆ తగ్గుదలను కొలుస్తుంది. 1973లో పాపరియెల్లో బృందం ఇలాంటి ఎలక్ట్రోడ్‌ను ప్రచురించింది. 1980లో కారాస్, యానాటా ఇదే ఎంజైమ్‌ను ట్రాన్సిస్టర్‌పై అమర్చారు. ఆలోచన చక్కనిదే, పాల దగ్గర మాత్రం లెక్క కుదరదు. ఐరోపా సమాఖ్య పాలలో బెంజైల్‌పెన్సిలిన్‌కు (పెన్సిలిన్-జి) పెట్టిన పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు, అంటే లీటరుకు సుమారు 12 నానోమోల్. తొలి ఎలక్ట్రోడ్ కొలవగలిగింది లీటరుకు 0.1 మిల్లీమోల్ నుంచి. మధ్య తేడా దాదాపు 8,000 రెట్లు. పైగా పీహెచ్ మార్పును పాలు సహజంగానే అడ్డుకుంటాయి. లీటరుకు గ్రాముల కొద్దీ పెన్సిలిన్ ఉండే తయారీ ట్యాంకులే ఈ పద్ధతికి తగిన చోటు.

రెండో పద్ధతి దీనికి తలకిందులు. బ్యాక్టీరియా గోడ నిర్మాణంతో ముడిపడి, పెన్సిలిన్ దాడికి గురయ్యే కార్బాక్సిపెప్టిడేజ్‌నే ఇందులో వాడతారు. మందు అంటుకున్న ఎంజైమ్ పని ఆపేస్తుంది. మిగిలిన ఎంజైమ్ ఎంత పనిచేసిందో కొలిస్తే మందు పరిమాణం అంచనాకు వస్తుంది. ఒక్కో ఎంజైమ్ అణువు ఎన్నో అణువులను మార్చగలదు కాబట్టి కొద్దిపాటి మందు ఆపిన పని కూడా లెక్కకు అందుతుంది. 2002లో స్వీడన్‌కు చెందిన గుస్తావ్‌సన్ బృందం ఈ సూత్రంతో పాలలో కిలోకు 2.6 మైక్రోగ్రాముల పెన్సిలిన్-జిని గుర్తించింది. పరిమితి కన్నా తక్కువే. కానీ అది ప్రయోగశాల యంత్రంపై వచ్చిన ఫలితం. పల్లె కేంద్రంలో, వేసవి ఎండలో, రోజుల తరబడి నిల్వ ఉన్న ఎంజైమ్‌తో అదే ఫలితం వస్తుందని దాన్నిబట్టి చెప్పలేం.

మరో చిక్కుంది. ఈ ఎంజైమ్ బీటా-లాక్టమ్ కుటుంబాన్ని గుర్తిస్తుంది, అందులో ఏ మందో చెప్పదు. ఇదే కుటుంబానికి చెందిన క్లోక్సాసిలిన్‌కు ఐరోపాలో పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు. అందువల్ల సెన్సర్ మందు ఉందన్నంత మాత్రాన పరిమితి దాటిందని కాదు. ఇక కుటుంబం బయటి మందుల విషయంలో అది మౌనమే. ఉదాహరణకు, హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో, ఈ కుటుంబానికి చెందని సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో ఒక అధ్యయనం ప్రచురితమైంది. అంత మోతాదు ఉన్నా ఈ రెండు ఎంజైమ్‌లూ దాన్ని చూడలేవు.

కాబట్టి కార్బాక్సిపెప్టిడేజ్ సెన్సర్‌ను తొలి జల్లెడగా వాడవచ్చు. అది చూపినదాన్ని, ఏ మందు ఎంత ఉందో తేల్చే మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారించకుండా ఏ రైతు పాలనూ శాశ్వతంగా తిరస్కరించకూడదు.