పెన్నాతీర చారిత్రక స్థలాలు - జమ్మలమడుగు పరిసరాలు: ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
వై.యస్.ఆర్. కడప జిల్లాలోని జమ్మలమడుగుకు వచ్చే యాత్రికులలో ఎక్కువమంది గండికోట లోయను చూసి వెనుదిరుగుతారు. ఆ పట్టణ పరిసరాలలోనే తొలి తెలుగు శాసనం, రాష్ట్రకూటుల నాటి జైనక్షేత్రం కూడా ఉన్నాయి. ఈ స్థలాలను కాలక్రమంలో, ఒకదాని వెలుగులో మరొకదానిని చదవవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: రేనాడు, కలమళ్ళ, దానవులపాడు, గండికోట, కైఫీయత్తులు.

1. ఉపోద్ఘాతం:
జమ్మలమడుగు పెన్నానది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. జమ్ము పెరిగిన మడుగు కనుక ఈ పేరు వచ్చిందని స్థానికుల వివరణ. నాపరాళ్ళకు, నల్లరేగడి చేలకు ఈ ప్రాంతం ప్రసిద్ధి. నంద్యాల - ఎర్రగుంట్ల రైలుమార్గం 2016లో పూర్తి కావడంతో ఇక్కడికి రాకపోకలు సులువయ్యాయి. యాత్రికుల సంఖ్య పెరిగినా వారి దారి చాలావరకు గండికోటకే పరిమితమైంది. కంటికి ఇంపైన చోటికే చరిత్రను కుదిస్తే, చదవవలసిన ఆధారాలు మరుగున పడే ప్రమాదం ఉంది.

2. కలమళ్ళ - భాషకు ఆధారం:
కాలక్రమాన్ని అనుసరిస్తే యాత్ర కలమళ్ళతో మొదలుకావాలి. ఎర్రగుంట్ల మండలంలోని ఈ గ్రామం రాయలసీమ తాప విద్యుత్ కేంద్రానికి సమీపాన ఉంది. ఇక్కడి చెన్నకేశవాలయ ప్రాంగణంలో లభించిన రేనాటి చోళరాజు ధనంజయుని శాసనాన్ని పరిశోధకులు సుమారు క్రీ.శ. 575 నాటిదిగా నిర్ణయించారు. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాలలో ఇదే మొదటిదని పండితుల అభిప్రాయం. శాసనాలలో ప్రాకృత, సంస్కృతాలే రాజ్యమేలుతున్న కాలంలో రేనాటి పాలకులు ప్రజలభాషను రాతికి ఎక్కించారు.

శాసనం కొంత శిథిలమైనా అందులోని రెండు పదాలు భాషాచరిత్రకు విలువైనవి. మొదటిది 'రేనాణ్డు'. దీర్ఘం మీది నిండు అనునాసికం క్రమంగా అరసున్నగా మారి 'రేనాఁడు', ఆపై 'రేనాడు' అయింది. రెండవది 'ఏళన్', అనగా 'ఏలగా'. ఇందులోని ళకారం తరువాతి తెలుగులో లకారమైంది. ఏలుబడి, ఏలిక అనే మాటలు నేటికీ ఆ ధాతువును నిలుపుకొన్నాయి. 2008లో తెలుగుకు ప్రాచీనభాష హోదా లభించింది. ఆ ప్రాచీనతకు ముఖ్యసాక్ష్యాలలో ఒకటి ఈ ఊరి గుడి ఆవరణలోనిదే.

3. దానవులపాడు - మతానికి, పోషణకు ఆధారం:
జమ్మలమడుగుకు సమీపాన, పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడులో ఇసుక కింద పూడిపోయిన జైనాలయం ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో జరిగిన తవ్వకాలలో బయటపడింది. శాంతినాథుని అభిషేకం కోసం నిత్యవర్షుడు చేయించిన స్నానపీఠం ఇక్కడ దొరికింది. ఈ నిత్యవర్షుణ్ణి పండితులు పదవ శతాబ్ది రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రునిగా గుర్తించారు. దండనాయకుడు శ్రీవిజయుడు ఆయుధాన్ని విడిచి, సన్యసించి దేహత్యాగం చేసిన సంగతిని తెలిపే నిషిధి శాసనం కూడా ఇక్కడిదే. అది సంస్కృత, కన్నడ భాషలలో ఉంది.

ధనంజయుని తెలుగు శాసనం వెలసిన నేలమీద మూడున్నర శతాబ్దాల తరువాత కన్నడశాసనం కనిపించడం గమనార్హం. రాజ్యం మారినప్పుడు శాసనభాష కూడా మారగలదని, రేనాడు రెండు భాషల సరిహద్దులో జీవించిన సీమ అని ఈ రెండు రాళ్ళను కలిపి చదివితేనే అర్థమవుతుంది.

4. గండికోట - కథనానికీ ఆధారానికీ నడుమ:
జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ సాగినచోట గండికోట ఉంది. విజయనగరకాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఇది ప్రసిద్ధికెక్కింది. మాధవరాయ, రఘునాథ ఆలయాలు, ధాన్యాగారం, జామియా మసీదు ఒకే ఆవరణలో నిలిచి ఉన్నాయి.

క్రీ.శ. 1123లో కల్యాణి చాళుక్యరాజు ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడు కాకరాజు ఈ కోటకు పునాది వేశాడని పర్యాటక రచనలు చెబుతాయి. అయితే ఆహవమల్ల బిరుదం గల మొదటి సోమేశ్వరుడు 1068లోనే మరణించాడు. 1123లో కల్యాణిని ఏలుతున్నవాడు ఆరవ విక్రమాదిత్యుడు. కనుక ఈ కథనంలో సంవత్సరమైనా, ప్రభువు పేరైనా సవరించవలసిందే. స్థానిక కథనాలను మొత్తంగా తోసిపుచ్చనక్కరలేదు. శాసనకాలంతో సరిపోల్చి స్వీకరించడం పరిశోధకుని బాధ్యత.

1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను వశపరచుకున్నాడు. అతనిని కలవడానికి ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే 1652లో ఇక్కడికి వచ్చాడు. గుళ్ళలోని లోహవిగ్రహాలను కరిగించి ఫిరంగులు పోతపోయించే ప్రయత్నం జరిగిందనీ, గండికోట ఆలయానికి చెందిన ఆరు విగ్రహాలు మాత్రం కరగలేదనీ అతడు తన యాత్రాగ్రంథంలో రాశాడు. కోట పతనాన్ని స్థానికులు వీరగాథగా చెప్పుకుంటే, విదేశీయుడు ఆయుధతయారీ వృత్తాంతంగా నమోదు చేశాడు. చరిత్రకారునికి ఈ రెండూ అవసరమే.

5. మునిగిన ఊళ్ళు - మిగిలిన కైఫీయత్తులు:
కర్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామకైఫీయత్తులకు సి.పి. బ్రౌన్ ప్రతులు రాయించాడు. ఊరి పుట్టుక, గుళ్ళు, చెరువులు, మాన్యాలు వంటి వివరాలు వాటిలో ఉన్నాయి. గండికోట జలాశయం కారణంగా తాళ్ళప్రొద్దుటూరు వంటి గ్రామాలు ముంపునకు గురయ్యాయి. కరువుసీమకు నీరు అత్యవసరం. అందులో సందేహం లేదు. కానీ ఊరు ఖాళీ అయినప్పుడు పొలాల పేర్లు, దారుల పేర్లు, గ్రామదేవతల కథలు కూడా చెదిరిపోతాయి. పునరావాస కాలనీలలోని పెద్దల జ్ఞాపకాలను కైఫీయత్తులతో సరిపోల్చి నమోదు చేయవలసిన సమయం ఇదే. మరొక తరం గడిస్తే అది సాధ్యం కాదు.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:
- కలమళ్ళ, దానవులపాడు, గండికోటలను ఆ వరుసలో చూస్తే భాష, మతం, రాజ్యం ఈ సీమలో ఎలా మారుతూ వచ్చాయో స్పష్టమవుతుంది.
- శాసనం ఉన్నచోట దాని పాఠాన్నీ, నేటి తెలుగులో అర్థాన్నీ ప్రదర్శించాలి. చదవలేని రాయి చూపరికి రాయిగానే మిగులుతుంది.
- ముంపుగ్రామాల మౌఖికచరిత్ర సేకరణను తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టాలి.

గండికోట లోయ ఎవరు చూసినా చూడకపోయినా నిలిచి ఉంటుంది. శాసనాక్షరాలకు, ఊరి జ్ఞాపకాలకు ఆ భరోసా లేదు. ఈ ప్రాంతంలో పరిశోధన వాటితోనే మొదలుకావాలి.