తంగేడు చెక్కయు క్రోము లవణమును

హైదరాబాదు ప్రాకారద్వారములలో నేఁడు నిలిచినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజలు రెండే. ఆ ద్వారముల చరిత్ర వ్రాసినవారు కలరు. వానిగుండ నడచినవారికిఁ జెప్పులు కుట్టిన మన అరుంధతీయుల చరిత్ర వ్రాసినవారు అరుదు.

మన పెద్దలు తోళ్లను సున్నపునీట నానవైచి, రోమము గీచి, తంగేడు చెక్క కషాయమున వారములకొలఁది యుంచెడివారు. ఇట్లు పదను చేసిన మదరాసు తోళ్లు లండను సంతలోఁ బ్రసిద్ధి గాంచి, 1914-18 యుద్ధమున బ్రిటిషు సైనికుల బూట్లకు వినియోగపడినవి. 1884లో అమెరికాయందు షుల్జు క్రోము పద్ధతికిఁ బేటెంటు పొందఁగా, క్రమముగా వారముల పని దినములలో ముగిసెను. పని యంత్రశాలలకుఁ దరలెను. పచ్చితోలమ్మిన దేశమునకు స్వల్పము, బూటమ్మిన దేశమునకు లాభము. కావుననే 1973లో భారత ప్రభుత్వము పచ్చితోళ్ల యెగుమతిని నిషేధించినది.

మన పని అందఱకుఁ గావలసెను. మనలను మాత్రము ఊరు దూరముంచెను. 1948లో మదరాసున వెలసిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థలో మన బిడ్డలు శాస్త్రము నేర్తురుగాక! తాత చేతినేర్పునకు మనుమని విద్య తోడైననే ఆ లాభము మనదగును.