పుట్టింటి కిటికీలు

మన సంఘంలో పెద్దవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి, మెదక్ చర్చి మొదటిసారి ఎప్పుడు చూశారని. ఏడాది గుర్తుండదు. జేబీఎస్‌లో బస్సు కోసం తోపులాట, టిఫిన్ గిన్నెలో పులిహోర, లోపల అడుగుపెట్టగానే మెడ పట్టేసేలా పైకి చూడటం మాత్రం గుర్తుంటాయి. ఉప్పల్, నాచారం నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. అయినా మనది మెదక్ అధ్యక్ష మండలమే కాబట్టి అది మనకు పుట్టింటి లెక్క. మన మందిరం కథ ఈ జూబిలీ సంచిక ముందు పేజీల్లో ఉంది. నేను పుట్టింటి కిటికీల సంగతి చెప్తాను.

చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆ చర్చి పని 1914లో మొదలుపెట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువులో కూలీల కడుపు నింపిన కట్టడమని మెతుకుసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇదంతా తెలిసిందే. ప్రతిష్ఠ నాటికి అక్కడి మూడు రంగు అద్దాల కిటికీలు లేవన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఆల్టరు వెనక క్రీస్తు ఆరోహణం 1927లో వచ్చింది. పడమటి వైపు జననం 1947లో, తూర్పు వైపు సిలువ 1958లో. మొదటిది వచ్చినప్పుడు నిజాం రాజ్యం. రెండోది వచ్చిన ఏడాదే దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టింది. మూడోదాని నాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు. ఈ 31 ఏళ్లలో ఎన్ని మారినా చిత్రకారుడు మారలేదు. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ సాలిస్‌బరీ. రాజులనూ చర్చిల్‌నూ రూజ్‌వెల్ట్‌నూ గీసిన ఈయన, కుర్రతనంలో అన్న నడిపే రంగు గాజు కార్ఖానాలోనే పని నేర్చుకున్నాడు.

ఈ కిటికీలు అద్దం మీద వేసిన పెయింటింగ్‌లు కావు. రంగు గాజులోనే ఉంటుంది. ముక్కలు కోసి, కళ్లూ వేళ్లూ బట్ట మడతలూ గాజుపొడి, ఇనుప ఆక్సైడు కలిపిన రంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. ఆ ముక్కలను సీసపు పట్టీల గాడిలో కూర్చి, పట్టీలు కలిసిన చోటల్లా సోల్డరింగ్ పెడతారు. ఈసీఐఎల్‌లో, నాచారం ఫ్యాక్టరీల్లో సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్లకు ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

గాజు వందల ఏళ్లు ఉంటుంది. ముందు అలిసిపోయేది సీసం. పగటి ఎండకు సాగి, రాత్రి చలికి ముడుచుకుని, ఏళ్లు గడిచేకొద్దీ పట్టీ చిట్లుతుంది. సందుల్లోని లప్పం రాలిపోతుంది. కిటికీకి పొట్ట వస్తుంది. సీసపు పట్టీకి నూరేళ్లంటే పండు వయసే. ఆరోహణం కిటికీకి 2027లో నూరేళ్లు నిండుతాయి.

ఇలాంటి కిటికీ బాగుచేసేవాళ్లు ముందు ఫొటోలు తీస్తారు. పైన పలచటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది పట్టీల గీతలు ఎత్తుకుంటారు, చిన్నప్పుడు మనం రూపాయి బిళ్ల మీద రుద్దినట్టే. ప్రతి ముక్కకూ ఒక నంబరు. మురికి తీయడానికి శుద్ధి చేసిన నీళ్లు, దూది. యాసిడ్ తగిలిందా, దుమ్ముతో పాటు కళ్లూ ముక్కూ పోతాయి. పగిలిన ముక్కను అతికించడానికే చూస్తారు తప్ప పారేయరు. అద్దాలు కొత్తవాటిలా తళతళలాడేలా చేసిస్తామని ఎవరైనా వస్తే, నా మాట విని, వాళ్లకు ఆ పని ఇవ్వొద్దు.

ఈసారి మెదక్ యాత్రకు మాత్రం పొద్దున్నే బయల్దేరదాం. ఉదయం ఎండ తూర్పున సిలువ మీద, సాయంత్రం ఎండ పడమట పశువుల తొట్టి మీద పడుతుంది. పొద్దుగుంకాక లోపల నిలబడితే కనిపించేది నల్లటి గాజు ఒక్కటే.

చివరగా ఒక మనవి. ముక్క పోయిన చోట అసలు ఏముండేదో చెప్పేది పాత ఫొటోలే. మీ పెళ్లి ఆల్బంలోనో, క్రిస్మస్ యాత్ర ఫొటోలోనో వెనకాల ఈ కిటికీలు పడి ఉంటే, మసకగా ఉన్నా సరే, ఏ ఏడాదిదో చీటీ రాసిపెట్టి ఆదివారం ఆరాధన తర్వాత అయ్యగారి చేతికివ్వండి. కాపీ తీసుకుని మీ ఫొటో మీకు తిరిగి ఇచ్చేస్తాం.