క్రాకెన్

క్రాకెన్ నార్వే జాలరుల గాథలలో చెప్పబడే ఒక కాల్పనిక భారీ జలచరం. బెర్గెన్ బిషప్ ఎరిక్ పాంటోపిడాన్ 1752-53లో ప్రచురించిన నార్వే ప్రకృతి చరిత్ర గ్రంథంలో దీని జీవన విధానం విపులంగా వర్ణింపబడింది.

వేసవిలో నడిసముద్రాన లోతు కొలిచినపుడు 80-100 బారలకు బదులు 20-30 బారలకే నేల తగిలితే, అడుగున క్రాకెన్ ఉన్నదని జాలరులు తలచేవారు. దానిపైన చేపలు మెండుగా దొరికేవట. అయితే లోతు ఇంకా తగ్గుతూ వస్తే అది పైకి లేస్తున్నదని గ్రహించి, వల వదలి అయినా తెడ్లు వేసి పారిపోవాలి. నీటిపై తేలిన దాని వీపు చిన్న దీవుల గుంపువలె కనిపిస్తుందని, చుట్టుకొలత ఒకటిన్నర మైళ్ళని పాంటోపిడాన్ వ్రాశాడు. ఇది అతిశయోక్తి అని వేరుగా చెప్పనక్కరలేదు. మునిగేటపుడు ఏర్పడే సుడిగుండం పడవలను లోనికి లాగివేస్తుందని నమ్మకం.

ఈ గాథలకు మూలం భారీ స్క్విడ్ కావచ్చునని పలువురి అభిప్రాయం. సహజ ఆవాసంలో సజీవంగా ఉన్న భారీ స్క్విడ్‌ను 2004లో జపాన్ శాస్త్రజ్ఞులు ఒగసవారా దీవుల వద్ద ఫోటో తీశారు.